ఇర్రెస్పాన్సిబిలిటీ అను ఏడక్షరాల తాళము



మొన్న మా వీధిలోని ఏడవ తరగతి పిల్ల ఇంగ్లీషు వాచకముతో మా అరుగు మీద కూర్చున్నది. బడిలో ‘ఇర్రెస్పాన్సిబిలిటీ’ అని చదవగా తరగతి యావత్తూ నవ్వినదట. అప్పటినుండి పైకి చదవడమే మానివేసినది. సాయంత్రము నాట్యము నేర్చుకొనే పిల్ల, తాళము తప్పదు. (కూచిపూడిలో అది వింత కాదు లెండి.)

చదవమన్నాను. ఇర్-రె-స్పాన్-సి-బి-లి-టీ. ఏడు ముక్కలు. మిశ్రజాతి! తకిట తకధిమి వేసినట్లే మొదటి ముక్క మీద, నాలుగవ ముక్క మీద దెబ్బ. తాళమునకు సరియే. ఇంగ్లీషులో మాత్రము ముఖ్యమైన ఊనిక అయిదవదైన ‘బి’ మీద పడవలెను, దాని ప్రక్కవి నలిగి కుదించుకొని పోవలెను.

ఆ కుదింపు మనకెట్లు వచ్చును? మన గురులఘువులు కాలమును కొలుస్తాయి, బలమును కాదు. లఘువు ఎక్కడ పడినా తన మాత్రను వదులుకోదు.

ఉపసర్గల సంగతి మరీ చిత్రము. దుర్, అదృష్టము కలిసినవంటే దు-ర-దృ-ష్ట-ము. రేఫ ముందుకు దూకి అకారమును పట్టుకొన్నది. అందుకే మన లాక్షణికులు ‘ప్ర’ మొదలగు ఉపసర్గలు సంధిలో కలిసినచోట అచ్చుతోనూ హల్లుతోనూ యతిని ఒప్పుకొన్నారు. ఆ అలవాటుననే మన పిల్లలు ‘మి-సండర్‌స్టాండ్’ అంటారు. ఇంగ్లీషు నిఘంటువు ‘మిస్’ను విడిగా నిలుపుతుంది. ఊనిక మాత్రము ‘స్టాండ్’ను విడిచి రాదు. దానిని కదిలించేది తరచుగా వెనుక చేరే ప్రత్యయమే. పాసిబుల్, ఇంపాసిబుల్ రెండింటా ‘పా’ మీదనే ఉన్న బరువు, ఇంపాసిబిలిటీ కాగానే ‘బి’ మీదికి పోతుంది. ‘ఇటీ’కి సరిగా ముందున్న అక్షరమే దానిని మోయవలెను.

ఇంగ్లీషునకు నియమమే లేదని ముప్పై యేండ్లు తరగతిలో హేళన చేసినవాడను నేను. ఆ మాట వెనుకకు తీసుకొంటున్నాను. కాని ఆ నియమము చెప్పకుండ వర్ణక్రమమును బట్టీ పట్టించి, తప్పు పలికినపుడు నవ్వుటను మాత్రము క్షమించలేను. తాళమెరిగిన పిల్లకు చప్పట్లతో చెప్పిన పది నిమిషముల పని అది.

“అయిదో దగ్గర కొట్టాలా తాతగారూ?” అన్నది. పాదముతో కొట్టి చూపినది. సరిగా పడినది.

“రేపు బడిలో చదువుతావా?”

కాసేపు ఆలోచించి, “ఎల్లుండి చదువుతానండీ” అన్నది.