ష్యూరిటీ సంతకం సాక్షి సంతకం కాదు

మన దగ్గర ఫైనాన్స్‌లో ఆటో తీయాలంటే ఆధార్, పాన్, డౌన్‌పేమెంట్ చాలవు. "మీ చుట్టాల్లో జీతం వచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని ముందే అడుగుతారు. మన గూడేల్లో, తాండాల్లో అట్లాంటి మనిషి పది ఇళ్లకు కలిపి ఒక్కరుంటారు. హాస్టల్లో వంట చేసేవాళ్లో, ఫారెస్టు వాచరో, ఏఎన్‌ఎమ్మో. రేపు చదువు అయిపోయినాక ఆ ఒక్కరం మనమే. అందుకే ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాం.

మా ఇంట్లో ఆ ఒక్కరు మా నాన్న. మూడేళ్ల కిందట శివరాత్రికి ముందు మా మేనత్త కొడుకు ఆటో తీసుకున్నాడు. నాన్న ష్యూరిటీ పెట్టినాడు. ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకం, సగం ఖాళీ కాగితాల మీదే. "సాక్షి లాంటిదేలే మామా" అన్నాడు బావ. మోసం చేయాలని కాదు, ఆయనకూ అంతే తెలుసు.

చట్టం అట్లా అనుకోదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నోడికి ఎంత బాధ్యతో ష్యూరిటీకీ అంతే బాధ్యత. "ముందు ఆయన్ని అడగండి, ఆయన దగ్గర లేకుంటే నా దగ్గరికి రండి" అనే హక్కు కూడా లేదు. ఈ మాట సుప్రీంకోర్టు 1969లోనే బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో చెప్పేసింది. బావ ఆటో ఎదురుగా పెట్టుకుని కూర్చున్నా, వాళ్లు నేరుగా నాన్న జీతం వైపు చూడొచ్చు.

లెక్క కూడా చెప్తాం. అప్పు రెండున్నర లక్షలు, 36 కంతులు, "వడ్డీ పది శాతమే" అన్నారు. అది ఫ్లాట్ వడ్డీ. అంటే అసలు తగ్గుతున్నా మొదటి రోజు మొత్తం మీదే మూడేళ్లూ వడ్డీ వేస్తారు. 75,000 వడ్డీ కలిపి 3,25,000, నెలకు 9,000 పైన. బ్యాంకులు లెక్కగట్టే పద్ధతిలో చూస్తే అది దాదాపు 18 శాతం. మేమిద్దరం డిగ్రీలో లెక్కలు చదివినోళ్లమే, ఆ రోజు మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

ఇంకో సంగతి సున్నిపెంటలో ఉన్నోళ్లకే తెలుస్తుంది. ఇక్కడ ఆటోకు గిరాకీ అంతా కొండ మీదికి వచ్చే భక్తుల మీదే. శివరాత్రి, ఉగాదికి కన్నడ భక్తులు, కార్తీకం, మధ్యలో డ్యాం గేట్లు ఎత్తితే చూడొచ్చే జనం. మిగతా నెలల్లో డీజిల్ డబ్బులు వస్తే గొప్ప. కంతు మాత్రం పన్నెండు నెలలూ ఒకటే. బావ తాగుబోతు కాదు, సోమరి కాదు. 14 కంతులు సరిగ్గా కట్టినాడు. రెండో ఏడు ఉగాది అయినాక ఇంజిన్ పని వచ్చింది, ఎండాకాలం ఖాళీ, నాలుగు కంతులు ఆగిపోయినాయి. బండి ఎత్తుకుపోయి 95,000కు అమ్మేసినారు. యార్డు ఖర్చు, పెనాల్టీ అన్నీ కలిపి ఇంకా 92,000 బాకీ అని నోటీసు మా నాన్న పేరు మీద వచ్చింది.

అప్పటికీ నాన్న మాతో చెప్పలేదు. చెల్లికి బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చి, నంద్యాలలో ఒక బ్యాంకుకు ఎడ్యుకేషన్ లోన్ కోసం పోయినప్పుడు బయటపడింది. తండ్రి కూడా సంతకం పెట్టాల కదా, సిబిల్ తీసినారు. ఆటో అప్పు ఆయన పేరు మీద కట్టని బాకీగా కనిపించింది. ఆ ఏడు సీటు పోయింది. చెల్లి ఏమీ అనలేదు. నాన్న వారం రోజులు ఎవరితో మాట్లాడలేదు.

అదే చట్టం 145వ సెక్షన్ కింద, ష్యూరిటీ కట్టిన డబ్బు అప్పు తీసుకున్నోడి దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఒక వకీలు ఈ మాట చెప్తే మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తోడబుట్టినదాని కొడుకు మీద నాన్న కోర్టుకు పోతాడా? చుట్టానికి సంతకం పెట్టినప్పుడే ఆ హక్కు పోయినట్టే.

"ఇట్లా అందరం వెనక్కి తగ్గితే మనవాళ్లకు అప్పు ఎవరిస్తారు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. మన దగ్గర తాకట్టుకు ఏముంది? 2006 అటవీ హక్కుల చట్టం పట్టా పిల్లలకు వస్తుంది గానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. మన భూమి పోకుండా అది మంచిదే, కానీ అప్పిచ్చేవాడికి పనికిరాదు. అందుకే భూమి బదులు మనిషిని పెడుతున్నాం. అయినా ఫైనాన్స్‌కు పోకముందు బ్యాంకులో ముద్ర రుణం అడగండి. 10 లక్షల వరకు తాకట్టు అడగకూడదు, ఆటోకూ ఇస్తారు. తిప్పుతారు, నిజమే. రెండు నెలలు తిరగడం మూడేళ్లు కట్టడం కంటే నయం. సున్నిపెంటలోనే ఐటీడీఏ ఆఫీసు ఉంది. ఏ స్కీం ఉందో అక్కడా అడగాల.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి ఉచిత బస్సు వచ్చింది. మా అమ్మ కూడా ఎక్కుతుంది, మంచి పథకమే. ఆటోవాళ్లకు గిరాకీ తగ్గిందని ప్రభుత్వం ఏడాదికి 15,000 ఇస్తోంది. అది రెండు కంతులకు కూడా చాలదు. ఇప్పుడు కొత్తగా ష్యూరిటీ పెట్టేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాల.

ఇప్పటికే పెట్టినోళ్లు భయపడి ఫోన్ ఆపుకోవద్దు. అగ్రిమెంటు కాపీ అడిగి తీసుకోండి. కంతు కట్టినాడా లేదా అని ప్రతి నెలా మీరే చూసుకోండి, ఒక్కటి ఆగినప్పుడే తెలిస్తే సర్దుకోవచ్చు. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే చెప్పింది. కోర్టు కాగితం వస్తే 15100కు ఫోన్ చేయండి. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

నాన్న నెలకు 4,000 కడుతున్నాడు. బావ ఇప్పుడు వేరేవాళ్ల ఆటో బాడుగకు తోలుతూ, చేతిలో ఉన్నప్పుడు 500, 1,000 తెచ్చి ఇస్తాడు. పోయిన కార్తీకంలో మా చిన్నాన్న వచ్చి బొలెరోకు సంతకం అడిగినాడు. నాన్న లోపలికి పోయి 5,000 తెచ్చి చేతిలో పెట్టి, "ఇది తిరిగి ఇయ్యకున్నా అడగను, సంతకం మాత్రం పెట్టనురా" అన్నాడు. చిన్నాన్న డబ్బులు అరుగు మీద పెట్టి వెళ్లిపోయినాడు. నెల రోజులు మాటల్లేవు. సంక్రాంతికి మళ్లీ వచ్చినాడు, భోజనం చేసి పోయినాడు.