కోత పండుగ ధాన్యము ఎవరికి?



గండికోటను చూచినవారు మీలో అనేకులుందురు. జమ్మలమడుగు నుండి పోయి ఆ కోటలో ప్రవేశించినయెడల, మసీదుకు చేరువగా, లావాటి గోడలతోను కమాను కప్పుతోను కట్టిన పెద్ద ధాన్యపు కొట్టు కనబడును. పొలములో పండిన గింజ ఆ కొట్టు చేరవలసినదే. అయితే కోటలోని కొట్టు కోటలోనివారి కొరకే. ముట్టడి వచ్చి తలుపులు మూసినప్పుడు దున్నినవాడు గోడకు ఇవతలనే నిలిచియుండును. మన దేవాలయములలో ఏటేట జరుగు కోత పండుగను చూచినప్పుడెల్ల నాకు ఆ కొట్టు జ్ఞాపకమునకు వచ్చుచున్నది.

ఆ పండుగ ఎట్లు జరుగునో మీకు చెప్పనక్కరలేదు. జొన్నలు, కొర్రలు, శనగలు, శెనక్కాయలు, చీనీకాయలు, కోళ్లు, గుమ్మడికాయలు బలిపీఠము ముందర పోయుదురు. కూలికి పోవు తల్లి కూడ కొంగున కట్టుకొని సేరు బియ్యము తెచ్చును. కీర్తనలు పాడుదుము, ప్రార్థన చేయుదుము. అటు పిమ్మట వేలము మొదలగును. ఒక కోడిగ్రుడ్డు వంద రూపాయలకు పోవును. ఒక గుమ్మడికాయ వెయ్యికి పోవును. పాట పెరిగినకొలది చప్పట్లు పెరుగును. వచ్చిన పైకము ప్రహరీ గోడకో, క్రొత్త మైకుకో, గుడి కప్పుకో చేరును. మరి గుమ్మడికాయ ఎక్కడికి పోయెను? ఎవని ఇల్లు ఇదివరకే నిండియున్నదో వాని ఇంటికి పోయెను. సేరు బియ్యము తెచ్చిన తల్లి వట్టి కొంగుతో ఇంటికి మరలెను. ఆ రాత్రి ఆమె పొయ్యి వెలిగెనో లేదో అడిగినవారు లేరు.

ఇది అన్యాయమని నేను చెప్పుచున్నాను. కోపము తెచ్చుకొనక, ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయము చివరి రెండు వచనములు తెరచి చూడుడి. మూడేండ్లకొకసారి పంటలో పదియవ భాగమును దూరపు మందిరమునకు మోసికొని పోక, స్వంత ఊరి గుమ్మములలోనే నిలువచేయవలెనని అక్కడ ఆజ్ఞ యున్నది. దానిని తిని తృప్తి పొందవలసినవారు నలుగురు: లేవీయుడు, పరదేశి, తండ్రి లేని బిడ్డ, విధవరాలు. ఈ నలుగురిలో మనము మొదటివానిని మాత్రము చక్కగా జ్ఞాపకముంచుకొన్నాము. తక్కిన ముగ్గురిని మరచితిమి. దశమభాగమును గూర్చి మనము వినిన ప్రసంగములెన్ని? వాటిలో ఆ ముగ్గురి పేరు వినబడినవెన్ని?

“అయ్యా, ఇప్పుడు ఆకలి ఎక్కడిది? దొరతనము బియ్యమిచ్చుచున్నది కదా” అని కొందరు పెద్దలు అందురు. ఇచ్చుచున్నది, అందుకు దేవునికి స్తోత్రము. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టము వచ్చెను. దాని ప్రకారము తలకు నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డు గల కుటుంబమునకు 35 కిలోలు. 2023 జనవరి నుండి ఆ ధాన్యమునకు వెల కూడ లేదు. కాని 5 కిలోలను 30 దినములకు పంచి చూడుడి. దినమునకు సుమారు 167 గ్రాములు వచ్చును. 1876లో మొదలై మన కడప, కర్నూలు, బళ్లారి సీమలను ఊడ్చివేసిన ధాత కరవులో, సర్ రిచర్డ్ టెంపుల్ దొర కరవు పనులు చేయువారి కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకును కొద్ది పైకమునకును తగ్గించెను. పౌను అనగా సుమారు 450 గ్రాములు. అది మనిషి ప్రాణమును నిలుపదని మద్రాసు పారిశుధ్య కమిషనరు కార్నిష్ దొర గట్టిగా వాదించెను. మన కార్డు బియ్యము అందులో సగము కూడ కాదు. ఆ చట్టము దీనిని ఆసరాగా ఇచ్చెనే గాని సంపూర్ణ భోజనముగా తలచలేదు. అట్లు తలచుచున్నది మనమే. పప్పు ఎక్కడిది? నూనె ఎక్కడిది? కార్డులో పేరు చేరని క్రొత్త కోడలి పాలు ఎక్కడిది? పెండ్లియై వేరు పడినను, పేరు మాత్రము తండ్రి కార్డులోనే నిలిచిపోయిన కుమారుని మాట యేమి?

మూడు పట్టణములను తలంచుకొనుడి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పేరు పొందిన ఊరు. ఆ ఊరిలోనే చేనేతవారును ఉన్నారు. ముసురు పట్టి మగ్గము గుంటలో నీరు చేరినయెడల పని నిలిచిపోవును. నేతగాడు చేయి చాపడు. అతని ఆకలి ఇంటి తలుపు లోపలనే యుండును. పులివెందుల వైపు చీనీ తోటలు కన్నుల పండువుగా నుండును, కాని బోరు ఎండిపోయిన కౌలు రైతుకు అప్పు మిగులునే గాని ధాన్యము మిగలదు. జమ్మలమడుగు చుట్టుప్రక్కల నల్లరేగడిలో శనగ కోత ముగిసిన తరువాత కూలి పని సన్నగిల్లును. కుమారుడు కువైటుకు పోయి పైకము పంపనందున మనుమలను సాకుచున్న అవ్వలు మన జిల్లా పల్లెలలో కొదువా? పిల్లలకు బడిలో మధ్యాహ్న భోజనము దొరకును. బడి మూసిన ఎండకాలములో ఆ పూట ఎవరు పెట్టుదురు? వీరు బిచ్చగాండ్రు కారు. అందుచేతనే వీరు మన కంటికి కానరారు.

ఇతరులు ఏమి చేసిరో వినుడి. మన పొరుగున, నేటి నంద్యాల జిల్లాలోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారని ఒకరుండిరి. 1866 కరవులో ఆయన తన గాదెలు తెరచి వేలాది మందికి అన్నము పెట్టించెను. ఆయన మన మతస్థుడు కాడు. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము ఆయన చదివియుండడు. చదివిన మనము వేలము వేయుచున్నాము!

అమెరికా దేశములో, అరిజోనా రాష్ట్రపు ఫీనిక్స్ పట్టణములో, జాన్ వాన్ హెంగెల్ అను కతోలిక విశ్వాసి బీదల భోజనశాలలో ఊడిగము చేయుచుండెను. ఇండ్ల పెరడులలో ఎవరును కోయక విడిచిన నారింజ జాతి పండ్లను అడిగి ఏరి తెచ్చుట ఆయన మొదటి పని. రూతు బోయజు పొలములో చేసినది ఇదియే కదా. దుకాణములవారు పారవేసిన ఆహారముతో బిడ్డలను పోషించుకొనుచున్న ఒక తల్లి, పైకమునకు బ్యాంకు ఉన్నట్లు ఆహారమునకు కూడ ఒకటి ఉండవలెనని ఆయనతో అనెను. 1967లో సెయింట్ మేరీ సంఘము ఒక పాత కట్టడమును కొంత పైకమును ఇయ్యగా, లోకములో మొదటి ఆహార బ్యాంకు అక్కడ లేచెను. పులివెందుల చీనీ తోటలలో చిన్నదని బేరగాడు త్రోసివేసిన కాయలు ఎన్ని మట్టిలో కలియుచున్నవో తోటవారినే అడుగుడి. ప్రొద్దుటూరు అంగళ్లలో చినిగిన గోతాము నుండి కారిన పప్పు, పెండ్లి ఇండ్లలో వండక మిగిలిన బియ్యపు మూటలు ఎక్కడికి పోవుచున్నవో విచారించుడి.

“అది దొరల దేశము” అందురా? అట్లయిన జహీరాబాదు ప్రాంతమునకు రండి. నాటి మెదకు జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లా. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత స్త్రీల సంఘములు 1990ల నడుమ బీడు భూములను సాగులోనికి తెచ్చిరి. సాగుకు అప్పు తీసికొన్న రైతు దానిని జొన్నల రూపముగా ఊరి కొట్టుకు తీర్చును. వానకాలములో పని దొరకని దినములయందు ఆ జొన్నలను బీదలకు తక్కువ ధరకు ఇత్తురు. బీదవారెవరో తేల్చుటకు ఏ కచేరికిని పోలేదు. ఊరివారే కూర్చుండి నేలమీద ఊరి పటము గీచి, ఇల్లిల్లు చూచి నిర్ణయించిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారు ఈ స్త్రీలకు ఈక్వేటర్ బహుమానమిచ్చిరి. వీరిలో అక్షరము రానివారు అనేకులు. చదువుకొన్న మన పెద్దలకు ఇది సాధ్యము కాదా?

ఇక పిడికెడు బియ్యము సంగతి. మిజోరము క్రైస్తవ స్త్రీలు 1910 నుండి వంట వండునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి దేవుని కొరకు వేరుగా ఉంచుచున్నారు. ఆ పిడికిళ్లతో వారి సంఘము సువార్త పని నడుపుకొనుచున్నది. మన స్త్రీల మైత్రి తల్లులును ఈ వాడుకను ఎరుగుదురు. లెక్క వేయుడి: అరువది ఇండ్ల సంఘములో ఇంటికి దినమునకు ఒక్క పిడికెడు, అనగా సుమారు 50 గ్రాములు. దినమునకు 3 కిలోలు, నెలకు 90 కిలోలు. ఊరిలో పొయ్యి వెలగని మూడు ఇండ్లకు ఇంటికి 30 కిలోలు. ఇందుకు విదేశపు చందా అవసరము లేదు. కోత పండుగ ధాన్యము దీనికి తోడైనయెడల కొట్టు కొరతపడదు.

అయితే కొట్టు కట్టగానే పుణ్యము వచ్చునని తలంపవద్దు. యోసేపు కొట్లను గూర్చి మన బోధకులు ఎంతో ఇష్టముగా చెప్పుదురు, కాని ఆదికాండము 41తో ఆపివేయుదురు. 47 కూడ చదువుడి. జనులు మొదట వెండి ఇచ్చి ధాన్యము కొనిరి, తరువాత పశువులనిచ్చిరి, తరువాత భూములను, తుదకు తమ్మును తామే అమ్ముకొని ఫరోకు దాసులైరి. ప్రాణము దక్కెను, స్వాతంత్ర్యము పోయెను. మన పల్లెలలోను ఒక మూట అప్పిచ్చి కోతనాడు మూటన్నర కొలుచుకొన్న కొట్లుండెను. గనుక తాళపుచెవి ఎవరి చేతిలో ఉండవలెను? సంఘపెద్ద చేతిలో వద్దు, అయ్యగారి చేతిలోను వద్దు. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో, గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు అన్నము సరిగా అందలేదని సణుగు పుట్టినప్పుడు, ఏర్పరచబడిన ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. సణిగినవారి పక్షమువారికే వడ్డన అప్పగించిరి! మన సంఘములో అంత ధైర్యమున్నదా? పాలెములో కూలికి పోవు ఇద్దరు స్త్రీలకు తాళమిచ్చి చూడుడి. ఎవరి ఇంట పొగ లేచుటలేదో వారికి తెలిసినట్లు కమిటీకి తెలియదు. గింజను ఎండబెట్టి, వేపాకు కలిపి, పాతది ముందు తీయుటయు వారికి ఎవరును నేర్పనక్కరలేదు.

ఇంకొక మాట. ఇచ్చునప్పుడు ఫొటో తీయవద్దు. ఐదు కిలోల సంచిని పదిమంది పెద్దలు పట్టుకొని, నడుమ ఒక ముసలమ్మను నిలువబెట్టి తీసిన పటములను చూచి చూచి నా కండ్లు అలసినవి. ఆమె మనుమడు ఆ పటమును చూడడా?

మన సంఘస్థులకు మాత్రమే ఇయ్యవలెననువారికి ఒంగోలు సంగతి చెప్పెదను. ఆ ధాత కరవులోనే బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వు పనిని గుత్తకు తీసికొని, వేలాది మందికి కూలి దొరకునట్లు చేసెను. జనులు బాప్తిస్మము అడిగిరి. కరవు సహాయము నడుచుచున్నంత కాలము ఆయన ఇయ్యలేదు. సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3వ తేదీ ఒక్కనాడే, 2,222 మందికి ఇయ్యబడెను. అన్నమును ఎరగా వేయుచున్నామను నింద మనమీద నేటికిని ఉన్నది. మన కొట్టు తలుపు దగ్గర పేరు, మతము, కులము అడిగినయెడల ఆ నింద నిజమే యగును.

భూములుగల సహోదరులతో కూడ ఒక మాట చెప్పక విడువరాదు. కూలివానికి రావలసిన దానిలో కోత కోసి, కోత పండుగనాడు ఒక మూట తెచ్చి బలిపీఠము ముందర దించుట కానుక కాదు. ఆ మూట వానిదే. యాకోబు పత్రిక ఐదవ అధ్యాయము నాలుగవ వచనము మీరే చదువుకొనుడి. ఏ ఆహార కొట్టును న్యాయమైన కూలికి బదులు కాజాలదు. ఆ సాకు దొరకునన్న భయముచేతనే ఈ మాట వ్రాయుచున్నాను.

“వేలము మానినయెడల గుడి కప్పు ఎట్లు?” అని మీరడుగుదురు. తగిన ప్రశ్నయే. వాన కురియునప్పుడు కారు గుడిలో కూర్చుండుట కష్టమని నేను ఎరుగుదును. వేలము మానవద్దు. పాట పాడుడి, చప్పట్లు కొట్టుడి. గుమ్మడికాయకు వెయ్యి రూపాయలు పాడిన అన్నయ్య ఆ వెయ్యి కప్పుకు ఇచ్చి, గుమ్మడికాయను కొట్టులోనే విడిచి ఇంటికి పోవచ్చును. పండిన గుమ్మడి నెలల తరబడి చెడదు.