పరికరానికి పరిచయ వాక్యం



ఉర్దూలో 'కల్' అనే మాటకు నిన్న అనీ అర్థమే, రేపు అనీ అర్థమే. అయినా మన కళాశాల ఆవరణలో ఆ మాట వల్ల ఎవరూ మోసపోరు. వెనుకనే వచ్చే క్రియాపదం కాలాన్ని తేల్చివేస్తుంది. ఆ క్రియ లేకుండా, చీటీ మీద 'కల్' అని మాత్రమే రాసి పంపితే? కృత్రిమ మేధ ఏజెంట్ల కోసం మన కంప్యూటరు విద్యార్థులు తయారుచేసే తనిఖీ పరికరాలకు రాస్తున్న వర్ణనలు చాలావరకు అటువంటి చీటీలేనని నా అభిప్రాయం.

ఒక సర్వరులో లోపమెక్కడున్నదో కనిపెట్టుమని ఏజెంటుకు అప్పగించినప్పుడు, అది మనమిచ్చిన పరికరాలను ఒక్కొక్కటిగా పిలిచి, వచ్చిన ఫలితాన్ని చదివి, తరువాతి అడుగు నిర్ణయించుకుంటుంది. ఏ పరికరాన్ని ఎప్పుడు పిలవాలో తెలియడానికి దానికి సాధారణంగా ఉన్న ఆధారం పరికరం పేరు, వర్ణన, ఇవ్వవలసిన విలువల వివరం మాత్రమే. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోను పరికరాలు ఈ రూపంలోనే ఏజెంటుకు పరిచయమవుతాయి. లోపలి ప్రోగ్రాము ఎంత చక్కనిదైనా ఆ పరిచయంలో కనబడదు.

1983లో మైక్ మూస్ రాసిన 'పింగ్'నే తీసుకుందాం. అవతలి యంత్రానికి చిన్న సందేశం పంపి, ప్రతిధ్వని కోసం వేచి ఉండడమే దాని పని. దీనికి "యంత్రం పనిచేస్తున్నదో లేదో చెబుతుంది" అని వర్ణన రాశామనుకోండి. వినడానికి బాగానే ఉంటుంది, కాని అది అబద్ధం. ఎన్నో చోట్ల ఫైర్‌వాల్ ఆ సందేశాన్ని అడ్డగిస్తుంది. యంత్రం మాత్రం లోపల నిక్షేపంగా పనిచేస్తూ ఉంటుంది. జవాబు రాలేదు గనుక యంత్రం చచ్చిందని ఏజెంటు తీర్మానించి, తనకు అధికారముంటే దానిని ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది. అప్పటిదాకా దానిమీద పనిచేస్తున్నవారి శ్రమ గంగపాలు! "జవాబు వస్తే దారి తెరచి ఉన్నట్లు, రాకపోతే యంత్రం ఆగినట్లు రుజువు కాదు, సేవను వేరుగా పరీక్షించాలి" అన్న ఒక్క వాక్యం ఈ అనర్థాన్ని తప్పించగలదు. పరికరం ఏమి చెబుతుందో అందరూ రాస్తారు. ఏమి చెప్పదో రాసేవారే అరుదు.

లినక్స్‌లో 'ఫ్రీ' అనే ఆదేశం కథా ఇటువంటిదే. ఖాళీగా ఉన్న మెమొరీని ఆ వ్యవస్థ డిస్కు సమాచారం దాచుకోవడానికి వాడుకొని, అవసరం రాగానే చాలావరకు తిరిగి ఇచ్చివేస్తుంది. అందువల్ల 'ఫ్రీ' అంకె చిన్నదిగా కనిపించినంత మాత్రాన కొరత ఉన్నట్లు కాదు. అనుభవజ్ఞులు సైతం ఇక్కడ పొరబడుతూ వచ్చారు. 2014లో వచ్చిన 3.14 కెర్నెల్‌లో, నిజంగా ఎంత మెమొరీ అందుబాటులో ఉంటుందో అంచనా వేసి చూపే అంకెను విడిగా చేర్చవలసి వచ్చింది.

ఇంత చదివిన యంత్రానికి ఇవన్నీ తెలియవా అని కొందరు మిత్రులు అడుగుతారు. పింగ్ సంగతి తెలిసే ఉండవచ్చు. కాని మొన్న మన ప్రయోగశాలలో పుట్టిన పరికరం గురించి అది ఏ పుస్తకంలో చదివి ఉంటుంది? ఆ పరికరం అడిగే 'సమయం' భారత కాలమానమా, యూటీసీయా? రెండింటికీ అయిదున్నర గంటల తేడా. చెప్పకపోతే ఏజెంటు వేరొక పూట చిట్టాలు చదివి, లోపమేమీ లేదని నిశ్చింతగా నివేదిస్తుంది. అదిగో, మళ్ళీ 'కల్' చీటీయే! ఇక 'తనిఖీ' అని పేరు పెట్టి లోపల మరమ్మతు కూడా చేసే పరికరాలున్నాయి. వాటిని గురించి నేను మర్యాదగా రాయలేను.

అలాగని పురాణం రాయమని కాదు. ముప్పై పరికరాలకు పుటకొకటి చొప్పున వర్ణనలు రాస్తే, అసలు సమస్యను చదవడానికి ఏజెంటుకు చోటు తగ్గిపోతుంది. నాలుగైదు వాక్యాలు చాలును.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. ప్రాక్టికల్ పరీక్షలో ప్రోగ్రాముతోపాటు వర్ణనకు కూడా మార్కులు కేటాయించండి. ఆ వర్ణన కాగితాన్ని చరిత్ర విభాగపు విద్యార్థి ఒకరి చేతికిచ్చి, ఈ పరికరాన్ని ఎప్పుడు వాడకూడదో చెప్పమనండి. అతడు చెప్పలేకపోతే కాగితం రాసినవారికే తిరిగి వెళ్ళాలి.