యాప్ ‘గ్యాసే’ అంటే ‘ఎందుకు?’ అని అడగండి

ఒంట్లో ఏ కాస్త తేడా వచ్చినా ఇప్పుడు చెయ్యి ముందు ఫోన్ మీదికే పోతోంది. లక్షణాలు నొక్కితే జబ్బు పేరు చెప్పే యాప్‌లు వచ్చేశాయి. వాటిని వాడొద్దని నేననను. లోపల ఏం జరుగుతుందో తెలుసుకుని వాడండి అంటాను.

చాట్‌బాట్‌ల సంగతి వేరు. ఇలాంటి యాప్‌లలో కొన్ని నియమాల మీద నడుస్తాయి. వాటిలో రెండు భాగాలుంటాయి. ఒకటి, నిపుణులు రాసిపెట్టిన నియమాలు. ‘జ్వరం ఉండి, డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రొఫెన్ ఇవ్వొద్దు’ వంటివి. రెండోది, మీరిచ్చిన వివరాలను ఆ నియమాలతో పోల్చే ఇంజిన్. ఒక నియమం సరిపోతే దాని ఫలితం కొత్త వివరంగా చేరుతుంది. దాంతో మరో నియమం కదులుతుంది. కొన్ని ఇంజిన్లు ఎదురు దిక్కున పనిచేస్తాయి. ముందు ఒక జబ్బును అనుమానించి, అది నిజం కావాలంటే ఏమేం ఉండాలో అడుగుతూ పోతాయి. ఓపీలో మేం చేసేదీ చాలావరకు ఇదే.

1970లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ రూపొందించిన ‘మైసిన్’ ఇలాంటిదే. రక్తంలో ఇన్ఫెక్షన్, మెనింజైటిస్ వంటి వాటికి ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో కొన్ని వందల నియమాలతో సలహా చెప్పేది. 10 మెనింజైటిస్ కేసులతో చేసి, 1979లో ప్రచురించిన పరీక్షలో దాని సలహాలు నిపుణులకు తీసిపోలేదు. ‘ఈ ప్రశ్న ఎందుకు?’ అని డాక్టర్ అడిగితే, తాను వాడుతున్న నియమాన్ని చూపించేది. నాకు నచ్చేది అదే. అయినా రోజువారీ వైద్యంలోకి అది రాలేదు.

ఇక మన ఇళ్లకు వద్దాం. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ఆయాసం, చెమటలు, వాంతి, కడుపు పైభాగంలో ఇబ్బంది మాత్రమే కనిపించవచ్చు. షుగర్ ఉందా అని యాప్ అడగకపోతే, అడిగినా మీరు చెప్పకపోతే, గుండెకు సంబంధించిన నియమం కదలకపోవచ్చు. తెర మీద ‘గ్యాస్’ అని వస్తుంది. ఇంజిన్ తనకున్న నియమాల ప్రకారం సరిగ్గానే లెక్కవేసింది. నష్టం మాత్రం మనకు. అక్కడ ‘ప్రమాదం లేదు’ అంటే, ప్రమాదాన్ని చెప్పే నియమమేదీ సరిపోలలేదని మాత్రమే అర్థం.

అందుకే వయసు, షుగర్, బీపీ, వాడుతున్న మందులు అడగకుండా తీర్పు చెప్పే యాప్‌ను పక్కన పెట్టండి. కారణం చూపనిదాన్నీ అంతే. ఛాతీలో బరువు, ఆయాసం, చల్లని చెమటలు ఉంటే యాప్ తెరవొద్దు, 108కి ఫోన్ చేయండి.

‘ఎందుకు?’ అనే ప్రశ్న మమ్మల్నీ అడగండి. ఈ పరీక్ష ఎందుకు, ఈ మందు ఎందుకు అని. ఓపీలో ఎంత రద్దీ ఉన్నా దానికి జవాబు చెప్పడం మా బాధ్యత.