నీళ్లలో ఫినాల్: నిమిషాల్లో పట్టే సెన్సార్లున్నా.. నది ఒడ్డుకు ఎందుకు రావట్లేదు?

లీటరు నీటికి 0.001 మిల్లీగ్రాము. తాగునీటిలో ఫినాల్ రసాయనాలకు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు ఇది. వేరే నీటి వనరు లేకపోతేనే 0.002 దాకా ఒప్పుకుంటుంది. ఎందుకింత కఠినం? శుద్ధి కేంద్రంలో వేసే క్లోరిన్‌తో ఫినాల్ కలిస్తే క్లోరోఫినాల్స్ పుడతాయి. అవి రవ్వంత ఉన్నా చాలు.. నీళ్లు మందుల కంపు కొడతాయి.

1984 జనవరిలో బ్రిటన్‌లోని డీ నదిలో ఫినాల్ కలిసి, దాదాపు 20 లక్షల మందికి ఆ నీళ్లే చేరాయి. తర్వాత చేసిన సర్వేలో, ఆ నీళ్లు తాగిన ప్రాంతాల్లో కడుపు సమస్యలు ఎక్కువగా కనిపించాయి.

అసలు చిక్కు టైమ్‌తోనే. శాంపిల్ ల్యాబ్‌కు చేరి, రిపోర్ట్ వచ్చేలోగా నది ఆగదు కదా! ఎలక్ట్రోకెమికల్ సెన్సార్లపై ఆశలు అందుకే. షుగర్ చెక్ చేసే గ్లూకోమీటర్ లాంటి పద్ధతే ఇదీ. చిన్న స్ట్రిప్‌పై నీటి చుక్క వేసి స్వల్ప వోల్టేజ్ ఇస్తే, ఫినాల్ ఎలక్ట్రాన్లు వదులుతుంది. ఆ కరెంట్ ఎంతుంటే ఫినాల్ అంత ఉన్నట్టు.

మరి ఆలస్యం ఎక్కడ? ఫినాల్ అలా ఎలక్ట్రాన్లు వదిలాక జిగురు పొరలా మారి ఎలక్ట్రోడ్‌కే అతుక్కుంటుంది. నాలుగైదు టెస్టులకే రీడింగ్ పడిపోవచ్చు. అంటే కనిపెట్టాల్సిన పదార్థమే పరికరాన్ని మూసేస్తోంది! కార్బన్ నానోట్యూబులు, గ్రాఫీన్, టైరోసినేజ్ ఎంజైమ్ పూతలతో పరిశోధకులు కుస్తీ పడుతున్నది ఇక్కడే. శుభ్రమైన ల్యాబ్ నీటిలో వచ్చిన ఫలితం బురద నీటిలోనూ రావాలిగా!

ఆహారంలో తలనొప్పి ఇంకా ఎక్కువ. టీ, ద్రాక్షల్లో సహజంగానే పాలీఫినాల్స్ ఉంటాయి. వాటి మధ్య ప్లాస్టిక్ నుంచి దిగిన బిస్‌ఫినాల్-ఏను విడిగా గుర్తించాలి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో దీని సురక్షిత పరిమితిని ఏకంగా 20 వేల రెట్లు తగ్గించింది. అంత సూక్ష్మ మోతాదు పట్టాలంటే మామూలు స్ట్రిప్‌తో అయ్యే పని కాదు.

ఇళ్లలో వాడే టీడీఎస్ మీటర్‌ను నమ్ముకుంటే మాత్రం లాభం లేదు. అది కొలిచేది కరిగిన లవణాలనే.. ఫినాల్ దానికి దాదాపు కనిపించదు. ప్రస్తుతానికి సెన్సార్‌తో ఎక్కువ ప్రయోజనం నీటిని తోడే పాయింట్ దగ్గరే. రీడింగ్ ఒక్కసారిగా పెరిగితే పంపు ఆపి, శాంపిల్ ల్యాబ్‌కు పంపొచ్చు.