మరపెరుగని ద్వారం

శంషాబాద్ విమానాశ్రయంలో తెల్లవారుజామున కూడా పట్టపగటి సందడి ఉంటుంది. కొంతకాలం క్రితం ఒక బంధువును సాగనంపడానికి నేనక్కడికి వెళ్ళాను. కాశీయాత్రకు బయలుదేరిన ఒక వృద్ధురాలు మనుమడి చేయి పట్టుకొని ప్రవేశద్వారం ముందు నిలబడి ఉంది. “అమ్మమ్మా, ఈ ఫోన్‌లో నీ ముఖం నమోదు చేస్తే చాలు. కాగితం చూపనక్కరలేదు, గేటే నిన్ను గుర్తుపడుతుంది” అన్నాడు మనుమడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, “గుర్తుపట్టడం సరే నాయనా, మళ్ళీ మరచిపోతుందా?” అని అడిగింది. మనుమడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంతర్జాల యుగంలో ప్రతి పౌరుడూ అడగవలసిన ప్రశ్న అది.

బేగంపేట నుండి 2008 మార్చిలో శంషాబాద్‌కు తరలివచ్చిన విమానాశ్రయంలో, ముఖాన్ని చూసి మనిషిని గుర్తించే పద్ధతిని 2019 జూలైలోనే ప్రయోగాత్మకంగా పరీక్షించారు. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసి విమానాశ్రయాలలో మొదలైన ‘డిజియాత్ర’ 2023లో ఇక్కడికీ, విజయవాడకూ వచ్చింది. ఇది ఐచ్ఛికమనీ, వివరాలు ప్రయాణికుని ఫోన్‌లోనే భద్రంగా ఉంటాయనీ, విమానాశ్రయానికి చేరిన సమాచారాన్ని ఇరవైనాలుగు గంటలలో తొలగిస్తారనీ నిర్వాహకులు చెబుతున్నారు. ఇది మంచి హామీయే. అయితే హామీ నిలుస్తున్నదో లేదో స్వతంత్రంగా పరిశీలించి చెప్పేవారు ఉన్నప్పుడే దానికి విలువ. కొన్ని విమానాశ్రయాలలో ప్రయాణికులకు సరిగా తెలియజేయకుండానే వారి ముఖాలను నమోదు చేస్తున్నారన్న ఫిర్యాదులు పత్రికలలో వచ్చాయి. మనిషికి మరపు సహజం. యంత్రానికి మరపు మనం నేర్పితేనే వస్తుంది.

పాలకులు ప్రజలను కనిపెట్టి చూడడం ఈనాటిది కాదు. చారులే రాజుకు కన్నులని మన ప్రాచీనులు భావించారు. కౌటిల్యుని అర్థశాస్త్రం గూఢచారుల నియామకాన్ని విపులంగా చర్చించింది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం కూడా పాలకునికి ఉండవలసిన అప్రమత్తతను బోధించింది. అయితే మన సాహిత్యం ఈ చారచక్షువు వల్ల కలిగిన దుఃఖాన్ని కూడా దాచలేదు. భవభూతి రచించిన ఉత్తరరామచరితంలో దుర్ముఖుడనే చారుడు పురజనుల మాటలను శ్రీరాముని చెవిన వేస్తాడు. ఆ మాటల ఫలితంగా నిండుచూలాలైన సీత అడవి పాలయింది. అక్కడ రాజు ధర్మాత్ముడు, చారుడు ప్రభుభక్తుడు. ఎవరిలోనూ దుర్బుద్ధి లేదు. అయినా ఎక్కడో ఎవరో అనుకున్న మాట సింహాసనానికి చేరి ఒక సంసారాన్ని చెదరగొట్టింది. పాలకుడు మంచివాడైతే నిఘా వల్ల ప్రమాదం లేదనుకొనేవారు ఈ కథను మరొకసారి చదవాలి.

నేటి దుర్ముఖునికి వీధులు తిరిగే పని లేదు. మన ఇంటికి ఇంటర్నెట్ అందించే సంస్థ ద్వారానే మన రాకపోకలన్నీ జరుగుతాయి. తపాలా బంట్రోతు కవరు మీది చిరునామాను చూడగలడు, లోపలి ఉత్తరాన్ని చదవలేడు. సురక్షితమైన వెబ్‌సైట్ల విషయంలో ఇంటర్నెట్ సంస్థ పరిస్థితి కూడా దాదాపు అంతే. మనం ఏమి రాశామో దానికి తెలియకపోవచ్చు. ఏ సైటుకు, ఏ వేళలో, ఎంతసేపు వెళ్ళామో చాలావరకు తెలుస్తుంది. ఒక విద్యార్థి అర్ధరాత్రి ఒక వ్యాధి గురించిన సైటును పదేపదే చూశాడనుకోండి. అతని మనసులోని భయాన్ని తెలుసుకోవడానికి ఉత్తరం విప్పనక్కరలేదు, చిరునామాలే చాలు.

సంస్థకు మనమే అప్పగించిన సమాచారం మీద మనకింకా హక్కు ఉంటుందా? ఈ ప్రశ్నకు మన హైదరాబాదు వ్యాజ్యమే సమాధానమిచ్చింది. స్టాంపుల చట్టానికి 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకులలో ప్రవేశించి పత్రాలను తనిఖీ చేయవచ్చు, స్వాధీనం చేసుకోవచ్చు. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకు, కెనరా బ్యాంకుకు మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదని తీర్పు చెప్పింది. పత్రాలను బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన ఖాతాదారుని గోప్యత తొలగిపోదని స్పష్టం చేసింది. అమెరికా సుప్రీంకోర్టు 1976లో దీనికి విరుద్ధంగా తీర్పు చెప్పింది. మన న్యాయస్థానం ఆ మార్గాన్ని అంగీకరించలేదు. బ్యాంకుకు వర్తించిన న్యాయం ఇంటర్నెట్ సంస్థకు ఎందుకు వర్తించకూడదు?

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ వ్యాజ్యాన్ని నడిపినవారు పదవీవిరమణ చేసిన కర్ణాటక న్యాయమూర్తి పుట్టస్వామి. ఆ తీర్పును అనుసరించి ప్రభుత్వం పౌరుని గోప్యతలో జోక్యం చేసుకోవాలంటే అందుకొక చట్టం ఉండాలి. న్యాయమైన ప్రయోజనం ఉండాలి. జోక్యం ఆ ప్రయోజనానికి తగినంత మేరకే ఉండాలి.

ఆచరణ ఈ మాటలకు ఇంకా దూరంగానే ఉంది. సమాచార సాంకేతిక చట్టంలోని 69వ విభాగం, 2009 నాటి నియమాల ప్రకారం ఇంటర్నెట్ సమాచారంపై నిఘాకు సాధారణంగా కేంద్ర లేదా రాష్ట్ర హోంశాఖ కార్యదర్శి అనుమతి ఇస్తారు. ఆ అనుమతిని సమీక్షించే సంఘంలోనూ అధికారులే ఉంటారు. అడిగేది ప్రభుత్వమే, అనుమతించేది ప్రభుత్వమే, సమీక్షించేదీ ప్రభుత్వమే. ఇంటిని సోదా చేసిన సంగతి ఇంటివారికి తెలుస్తుంది. ఫోన్‌ను రహస్యంగా విన్న సంగతి దాని యజమానికి ఎన్నటికీ తెలియకపోవచ్చు. తెలియని అన్యాయం మీద ఎవరు ఫిర్యాదు చేయగలరు? తెలంగాణలో 2024లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు ఈ ప్రశ్నను ఇంటింటి చర్చగా మార్చింది. ఆ ఆరోపణల నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానాలు. అయితే అటువంటి అనుమానానికి తావులేని విధానాన్ని నిర్మించడం చట్టసభల బాధ్యత.

భద్రత అక్కరలేదని నేననడం లేదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ వద్ద జరిగిన పేలుళ్ళు నలభైమందికి పైగా ప్రాణాలను బలిగొన్నాయి. 2013లో దిల్‌సుఖ్‌నగర్ మళ్ళీ రక్తసిక్తమయింది. ఆ గాయాలు చూసిన నగరంలో కెమెరాలు పెట్టవద్దని చెప్పడం సులభం కాదు. కానీ నేరస్థుని కోసం వెదకడం వేరు, ఎప్పటికైనా పనికివస్తుందని ప్రతి ముఖాన్నీ దాచిపెట్టుకోవడం వేరు. 2021 లాక్‌డౌన్ వేళ వీధిలో తన ముఖాన్ని పోలీసులు ఏ చట్టం ప్రకారం ఫోటో తీశారని హైదరాబాదుకు చెందిన ఒక సామాజిక కార్యకర్త ప్రశ్నించారు. ఆ వ్యాజ్యంపై 2022లో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని వివరణ కోరింది. ప్రశ్నించిన ఆ పౌరుడు భద్రతకు శత్రువు కాడు, చట్టానికి మిత్రుడు.

“తప్పు చేయనివారికి భయమెందుకు?” అని కొందరంటారు. మనం ఇంటికి తలుపులు పెట్టుకొనేది లోపల దొంగతనం చేయడానికా? స్నానం, నిద్ర, ప్రార్థన, కన్నీరు తప్పులు కావు. అయినా అవి నలుగురి ఎదుట జరగవు. తనను ఎవరో చూస్తున్నారని తెలిసిన మనిషి మాట తగ్గిస్తాడు, చదివే పుస్తకాన్ని మార్చుకుంటాడు, చివరకు ఆలోచనను కూడా అదుపులో పెట్టుకుంటాడు. పదిహేడేళ్ళ వయసులో సందేహించే స్వేచ్ఛ లేనివారు ముప్పయ్యేళ్ళ వయసులో ధైర్యంగా ఓటు వేయగలరా?

వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో ఒక చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమాచారం సేకరించడానికి అనుమతి కోరాలనీ, పని తీరిన తరువాత తొలగించాలనీ అది సంస్థలను ఆదేశిస్తుంది. అయితే దేశభద్రత వంటి కారణాలతో తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకొనే అధికారాన్ని ప్రభుత్వం అందులోనే నిలుపుకొంది. ముందు తలుపుకు గడియ వేసి, వెనుక తలుపును తెరిచి ఉంచినట్లయింది. నా అభిప్రాయంలో రెండు మార్పులు అవసరం. నిఘాకు అనుమతిని అధికారి కాక న్యాయమూర్తి ఇవ్వాలి. దర్యాప్తు ముగిసి, నేరమేదీ లేదని తేలినప్పుడు నిఘాకు గురైన పౌరునికి ఆ సంగతి తెలియజేయాలి.

చట్టం మారేవరకు మనం చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. మన ఫోన్‌లోని ఏ యాప్ మన చిరునామాను, ఫోటోలను, మైకును కోరుతున్నదో చూసి, అక్కరలేని అనుమతులను తొలగించవచ్చు. ముఖం చూపకుండా గుర్తింపు కార్డుతో వెళ్ళే వరుసను నిస్సంకోచంగా ఎంచుకోవచ్చు. ప్రభుత్వ సంస్థ మన సమాచారాన్ని ఏ నియమం ప్రకారం సేకరిస్తున్నదో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఎవరు తీసుకుంటున్నారు? ఎందుకు తీసుకుంటున్నారు? ఎప్పుడు చెరిపివేస్తారు? ఈ మూడు ప్రశ్నలు ప్రతి విద్యార్థికీ కంఠస్థం కావాలి.

ఆనాడు ఆ వృద్ధురాలికి మనుమడు జవాబు చెప్పలేకపోయాడు. ఆమె కొంగుముడి విప్పి, మడతపెట్టిన గుర్తింపు కార్డును తీసి ద్వారం దగ్గరి జవానుకు చూపింది. ఆయన దాన్ని చూసి, ఆమె ముఖం చూసి, “వెళ్ళమ్మా” అన్నాడు. కాసేపటికి ఆయన ఆ ముఖాన్ని మరచిపోయే ఉంటాడు. ఆ మరపులో కూడా పౌరునికి ఒక రక్షణ ఉంది. దాన్ని యంత్రానికి నేర్పించే బాధ్యత మనది.