లెక్కలోకి రాని జబ్బు

ఇల్లు అంటుకుంటే అందరూ బయటికి పరుగెడతారు. లోపలికి పరుగెత్తేవాళ్లూ కొందరుంటారు, అది వాళ్ల ఉద్యోగం. అక్కడికక్కడే ప్రాణం పోతే దండ వేస్తాం, పరిహారం ఇస్తాం. కానీ ఆ రోజు పీల్చిన పొగ పదేళ్ల తర్వాత జబ్బై బయటపడితే? "అప్పటి డ్యూటీ వల్లే వచ్చిందని రుజువేమిటమ్మా?" అని భార్యనో, తల్లినో ఆఫీసుల చుట్టూ తిప్పుతాం.

న్యూయార్కులో 2001 సెప్టెంబరు 11న జంట భవనాలు కూలినప్పుడు అగ్నిమాపక సిబ్బంది 343 మంది ఆ రోజే చనిపోయారు. శిథిలాల కింద మంటలు డిసెంబరు దాకా ఆరలేదు. సిమెంటు పొడి, గాజు పొడి, ఆస్‌బెస్టాస్ కలిసిన ఆ దుమ్ములో వేలమంది నెలల తరబడి పనిచేశారు. అక్కడి గాలి పీల్చడానికి ఏమీ ఫర్వాలేదని పర్యావరణ సంస్థ అధినేత వారం రోజులకే ప్రకటించారు. ఆవిడ కూడా ఒక స్త్రీయే! ఆ దుమ్ము తెచ్చిన జబ్బులతో తర్వాత పోయిన అగ్నిమాపక సిబ్బంది సంఖ్య 2023 సెప్టెంబరుకి మళ్లీ 343కి చేరింది.

పనిలో దెబ్బ తగిలినా, జబ్బు చేసినా రెండేళ్లలోగా పరిహారం అడగాలన్నది న్యూయార్కు చట్టం. జబ్బుకి ఆ గడువు తెలీదు కదా! అందుకే 2006లో చట్టాన్ని సవరించారు. సహాయం, శుభ్రత పనుల్లో పాల్గొన్నానని ప్రమాణపత్రం రాసిచ్చి పేరు నమోదు చేయించుకుంటే చాలు, జబ్బు ఎప్పుడు బయటపడినా గడువు దాటిందని తోసెయ్యరు. జీతం లేకుండా సాయానికి వచ్చినవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. నాకు ఈ కథ మొత్తంలో నచ్చిన ముక్క ఇదొక్కటే.

ఇక ఆడవాళ్ల సంగతి. ఆ దుమ్ములో మహిళా పోలీసులున్నారు, అంబులెన్సు సిబ్బంది ఉన్నారు, నర్సులున్నారు. చుట్టుపక్కల ఇళ్లూ ఆఫీసులూ తుడిచి కడిగిన వలస కూలి ఆడవాళ్లూ ఉన్నారు. వీళ్లందరి వైద్యం కోసం 2011 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. అందులో మొదట క్యాన్సర్లే లేవు. 2012లో పదుల రకాల క్యాన్సర్లు చేర్చారు, రొమ్ము క్యాన్సరూ అండాశయ క్యాన్సరూ వాటిలో ఉన్నాయి. గర్భసంచి క్యాన్సర్ మాత్రం లేదు. ఆధారాలు చాలవన్నారు. వైద్య పరీక్షలకి పేర్లు నమోదైన సహాయ సిబ్బందిలో అత్యధికులు మగవాళ్లే. మరి ఆడవాళ్లకే వచ్చే జబ్బుకి ఆధారాలు ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తాయి, మీరే చెప్పండి! చివరికి 2023 జనవరిలో చేర్చారు. అంటే దుర్ఘటన జరిగిన ఇరవై ఒక్క ఏళ్లకి. ఈలోగా ఆ జబ్బు చేసినవాళ్లు ఆ పథకం కింద ఆ జబ్బుకి వైద్యం పొందలేకపోయారు.

అమెరికా గొడవ మనకెందుకు అంటారేమో. 2020లో కరోనా వచ్చినప్పుడు మనమంతా తలుపులేసుకుని కూర్చుంటే, గడప గడపకీ వచ్చి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని అడిగింది ఆశా కార్యకర్తలే. ఆ మార్చిలో కేంద్రం ఆరోగ్య సిబ్బందికి, ఆశాలతో సహా, 50 లక్షల బీమా ప్రకటించింది. మంచిదే. కానీ అది చనిపోతేనే వచ్చే డబ్బు. కరోనా తగిలి బతికి బయటపడి, ఆ తర్వాత నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి ఆ పథకంలో చోటు లేదు. పైగా కేంద్రం లెక్కలో ఆశా ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. స్వచ్ఛందంగా వచ్చినవాళ్లని కూడా న్యూయార్కు చట్టం కలుపుకుందన్న మాట ఇక్కడే గుర్తు చేసుకోవాలి.

ఇలాంటి పనికి పంపేటప్పుడే ఎవర్ని, ఎక్కడికి, ఎన్ని రోజులు పంపారో కాగితం మీద రాసి సంతకంతో వాళ్ల చేతికివ్వాలి. జబ్బు ఆ పని వల్ల రాలేదని నిరూపించే బాధ్యత పంపినవాళ్లదిగా ఉండాలి. కార్యకర్తల సంఘాలు జీతాల పెంపుతో పాటు ఈ రెండూ అడగాలి. అందాకా ఇంట్లో ఎవరైనా ఇలాంటి డ్యూటీ చేసినవాళ్లుంటే, అప్పటి డాక్టరు చీటీలు, ఎక్స్‌రేలు పాత కాగితాల వాడికి వేసెయ్యకండి.